కుంకుడుకాయల చారు

చారుకి పొంగు రావడం అందరూ చూసే ఉంటారు. నురగ రావడం మాత్రం ఆ శుక్రవారం ఖతర్‌లో, దోహాలోని అల్ దోహా అల్ జదీదా పేటలో, సుధాకరరావు ఫ్లాట్‌లో భోజనానికి కూర్చున్నవాళ్ళే చూశారు.

"ఇదేంటయ్యా నితీష్, చారులోంచి బుడగలు లేస్తున్నాయి?" గరిటె పైకెత్తి అడిగాడు సుధాకరరావు.

"ఫ్రెష్‌గా చేసిన కద సార్, అట్లనే ఉంటది. తాగి చూడండి."

నితీష్ పై ఫ్లోర్‌లో ఉండే హైదరాబాద్ కుర్రాడు. ఆవేళ చారు నేనే పెడతానని పట్టుబట్టి మరీ వంటింట్లో దూరాడు. పైగా జలుబుతో ముక్కు దిబ్బడేసి ఉంది కాబట్టి, వాసన సంగతి అతన్ని అడిగి లాభం లేదు.

సుధాకరరావు ఒక గుక్క తాగాడు. ఆముదం పట్టించిన పిల్లాడిలా ముఖం పెట్టి సింకు దగ్గరికి పరుగెత్తాడు.

ఆయన భార్య ప్రతిమ వంటింట్లోకి వెళ్ళి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో రాత! చింతపండు గిన్నె ఇక్కడే ఉంది. నువ్వు పిసికి పోసింది కుంకుడుకాయలు బాబూ! మా అపూర్వ తలంటుకి నానబెట్టుకుంది."

అందరూ పడీ పడీ నవ్వారు. ప్రతిమ చెల్లెలు అపూర్వ ఒక్కతే నవ్వలేదు. తలకి చుట్టుకున్న చున్నీ ఇంకాస్త బిగించుకుంది.

"కావాలనే చేశారు కదూ? మొదటిరోజు నుంచీ నా జుట్టంటే మీకు వేళాకోళమే."

"లేదండీ, ఒట్టు! నేను చింతపండు అనుకున్న..."

గది తలుపు ధడాలున మూసుకుంది.

ఆ మొదటిరోజు సంగతి కూడా చెప్పుకోవాలి. నితీష్ ఉద్యోగం షాంపూలు అమ్మే కంపెనీలో. లిఫ్ట్‌లో అపూర్వ మొదటిసారి ఎదురుపడితే, పలకరించడానికి వేరే మాట దొరకనట్టు, "హెయిర్‌ఫాల్ ఉన్నట్టుందండీ, ఇది ట్రై చేయండి" అని శాంపిల్ సీసా చేతిలో పెట్టాడు మహానుభావుడు. "ఇవన్నీ వాడి చూశాకే మానేశానండీ. కుంకుడుకాయలే నయం" అని ఆమె సీసా తిరిగిచ్చేసింది. "కుంకుడుకాయలా? ఈ రోజుల్లోనా?" అని నవ్వాడు కూడా. ఆ నవ్వుకే ఇవాళ శిక్ష పడింది.

"దానికి టైఫాయిడ్ వచ్చిందయ్యా," అంది ప్రతిమ నెమ్మదిగా. "దువ్వెన పెడితే చాలు, గుప్పెడు ఊడొచ్చేది. ఎన్ని షాంపూలు మార్చిందో! ఇక్కడ కొన్న కుంకుడు పొడి వాడితే దురద. చివరికి కాకినాడ నుంచి మా అమ్మ కుంకుడుకాయలు పంపింది. ఈమధ్యే కాస్త మొలుస్తోందని అద్దం ముందు మురిసిపోతోంది. మిగిలినవి అవే. మానేస్తే మళ్ళీ రాలిపోతుందేమోనని దాని భయం."

నితీష్ చారు గిన్నె తీసుకెళ్ళి సింకులో ఒంపేశాడు. నిజానికి ఆవేళ భోజనాలయ్యాక ప్రతిమని పక్కకి పిలిచి, "మీ చెల్లెలిని నాకిస్తారా అక్కా" అని అడుగుదామనే వచ్చాడు. ఇంకేం అడుగుతాడు? ఆ పిల్ల ఆశని చారులో కలిపేశాక!

సాయంత్రానికల్లా అతని కారు ఊరి బయట బిర్కత్ అల్ అవామిర్‌లో, తన కంపెనీ కార్మికులుండే క్యాంప్ ముందు ఆగింది. గోడౌన్‌లో పనిచేసే గజేందర్ మొన్ననే ఊరి నుంచి వచ్చాడు.

"కుంకుడుగాయలా సారూ?" గజేందర్ టోపీ తీసి నున్నటి బట్టతల నిమురుకున్నాడు. "ఉన్నయ్! లీవ్‌కు పోయినప్పుడల్లా మా అవ్వ సంచిల ఏస్తది. నా నెత్తి సూడు, నేనేం జేసుకోను? వద్దంటె ఊకోదు. అవ్వకు నేనింకా చిన్నపోరన్నే."

అక్కడే వీడియో కాల్ కలిపాడు. ఫోన్లో అతని తల్లి భూమవ్వ ముఖం నిండుగా కనిపించింది.

"దుబాయ్‌ల గూడ కుంకుడుగాయలతోని తానం జేస్తరా బిడ్డా?"

"ఇది ఖతర్ అవ్వా."

"ఏదైతేంది, దుబాయే. ఎవలకు మరి?"

నితీష్ నసిగాడు. "ఒక అమ్మాయికి అవ్వా. నా మీద మస్తు కోపంగ ఉంది."

"తీస్కపో బిడ్డా. మన ఇంటెనక చెట్టుయే. గని ముందుగాల నువ్వు పోసుకొని సూడు. నీకు తెల్వనిది ఇంకొకలకు ఇయ్యద్దు."

అవ్వ మాట జవదాటలేదు నితీష్. మర్నాడు పొద్దున కాయలు కొట్టి, గింజలు తీసి, వేడినీళ్ళలో నానబెట్టి, పులుసు తల మీద పోసుకున్నాడు. తర్వాత గోడలు తడుముకుంటూ తువ్వాలు వెతుక్కున్నాడు. సంచి పట్టుకుని కింది ఫ్లాట్ బెల్లు కొట్టేసరికి కళ్ళు రెండూ మిరపపళ్ళు.

తలుపు తీసింది అపూర్వ. కోపంగానే తీసింది కానీ, ఆ కళ్ళు చూసి కంగారుపడింది.

"ఏడ్చారా?"

"లేదండీ. మా గజేందర్ వాళ్ళ అవ్వ మీ కోసం ఈ కుంకుడుకాయలిచ్చి, ముందుగాల నన్నే పోసుకొని చూడమన్నది. పులుసు కళ్ళల్ల పడింది. తెరవనీకొస్తలేదు."

ఆమె లోపలికి పరుగెత్తి ఉప్పుకల్లు తెచ్చింది. "నోరు తెరవండి."

"మండుతున్నది కళ్ళండీ, నోరు కాదు!"

"మా అమ్మ అలాగే వేసేది. తెరవండి ముందు!"

తెరిచాడు. ఉప్పు నోట్లో పడింది. మంట తగ్గిందో, ఆమె వేళ్ళు పెదవులకి తగిలి మంట సంగతే మరిచాడో చెప్పలేం.

"నేను మీ జుట్టు చూసి నవ్వినట్టు అనిపించిందేమో, సారీ అండీ," అన్నాడు సంచి ఆమె చేతిలో పెట్టి, ఉప్పు చప్పరిస్తూనే. "ఆ రోజు లిఫ్ట్‌ల ఏదో ఒకటి మాట్లాడాలె అనిపించింది. చేతుల శాంపిలే ఉండె. మీరంటే నాకు ఇష్టం. నిన్న అక్కను అడుగుదామనే వచ్చిన. చారు అడగనియ్యలె."

కథల్లో అయితే ఇలాంటప్పుడు వాన పడుతుంది. దోహాలో పై ఫ్లాట్ ఏసీ నీళ్ళు కిటికీ రేకు మీద టపటపా పడ్డాయి.

అపూర్వ తల మీది చున్నీ మెల్లగా తీసేసింది. నుదుటి మీద, పాపిట పక్కన కొత్తగా వచ్చిన పిల్లవెంట్రుకలు. ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ చూపించలేదు.

"ఎలా ఉన్నాయి?" అంది.

"కళ్ళు మండుతున్నయండీ, సరిగ్గ కనబడతలేదు."

ఆమెకి నవ్వొచ్చేసింది. "అయితే దగ్గరికొచ్చి చూడండి."

వెనకనుంచి సుధాకరరావు దగ్గాడు. "ప్రతిమా, మీవాళ్ళకి ఫోన్ చెయ్యి. నాకు అభ్యంతరం లేదు. చారు మాత్రం జన్మలో ఇతను పెట్టకూడదు."

ప్రతిమ నవ్వుతూ ఇద్దరి తలల మీదా చేతులు వేసింది.

అప్పుడే నితీష్‌కి గజేందర్ ఫోన్. ఊళ్ళో ఉన్న భూమవ్వని కూడా లైన్లో కలిపాడు. "పిల్ల ఏమన్నది బిడ్డా?"

అపూర్వే ఫోన్ అందుకుంది. "సరేనన్నాను అవ్వా. మీ కాయలు అందాయి. మీ మేలు మరిచిపోలేను."

"మేలేంది బిడ్డా! ఏటేటా నా కొడుక్కు ఏస్తనే ఉన్న. వాని నెత్తికి ఎంటికలే లెవ్వు. ఇన్నేండ్లకు ఒక నెత్తికి అక్కరకచ్చినయ్, నాకదే సాలు. ఒడిసినంక చెప్పు, మల్ల తోలుత."

అపూర్వ కళ్ళు నిండిపోయాయి.

నితీష్ గబగబా వంటింట్లోకి వెళ్ళాడు. ఈసారి గిన్నె రెండుసార్లు చూసుకుని మరీ ఉప్పుకల్లు తెచ్చాడు.