తెలుగులో చెప్పప్పా

ఆదివారం పొద్దున. యలహంక పాత ఊళ్ళో ఆ ఇంటి దోసెల వాసన వీధి మలుపుదాకా వస్తోంది. అక్కయమ్మ పెనం ముందు నిలబడి ఉంది. పక్కనే కూతురు చైత్ర మిక్సీ గిన్నెలో కొబ్బరి, పుట్నాలు వేస్తోంది. నడవలో చాపమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న ఆవులప్ప, వారం రోజుల్లో ఎన్నోసారో, మళ్ళీ కొడుకు కచేరీ సంగతే మొదలుపెట్టాడు. ఈసారి వింటున్నది ఆయన బావమరిది శ్రీనివాసప్ప. నలభై ఏళ్ళుగా ఆవులప్ప సన్నాయి పక్కన డోలు వాయించినవాడు.

"ఎంత జనం అనుకొంటివి బామర్దీ! అందరూ కుర్చీల్లో కూకోనుండారు. అందరి మొహాలూ మనోడి పక్కే. మన జన్మలో మనల్ని చూస్తా కూకున్నోళ్ళు ఉండారా?"

"మనల్నెవురు చూస్తారు బావా? పెండ్లికూతురి నగలు చూస్తారు. అవి అయిపోతే పంక్తి ఎప్పుడేస్తారా అని వంటశాల పక్క చూస్తారు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆవులప్పకు పై పళ్ళు రెండు ఊడి ఏడాదిన్నర అయింది. గాలి నిలవక సన్నాయి సంచిలో పెట్టేశాడు. నవ్వితే ఆ సందు కనబడుతుందని అప్పట్నుంచీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. ఈ వారం ఆ సంగతే మరిచిపోయాడు.

"నా మాట చెప్పినాడప్పా, మైకులో! చైత్రా, ఏమని చెప్పినాడో మీ మామకు చెప్పు మే."

చైత్ర చెయ్యి గిన్నెమీద ఆగింది. వారంగా చెప్పి చెప్పి ఆ మాటలు నోటికి వచ్చేశాయి. "మా నాయన గట్టిమేళం అందుకుంటే పెండ్లికూతురి చెవిన ఒక్క చెడు చప్పుడు పడేది కాదు, నాకొచ్చింది ఆ ఊపిరే అని చెప్పినాడు మామా."

"విన్నావా?" అన్నాడు ఆవులప్ప. "పాల బూతులో కూడా చెప్పినా. పళ్ళ డాక్టరుకూ చెప్పినా. ఆయమ్మ చేతులు జోడించింది తెలుసునా!"

చైత్ర తల ఎత్తలేదు.

ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి చైత్ర. మాన్యతా టెక్ పార్కులో ఉద్యోగం. ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఒకరుంటే విరిగినదాన్ని అతికించే పని వాళ్ళదేనని నమ్మిన పిల్ల. ఆ ఇంట్లో విరిగింది తండ్రికీ తమ్ముడికీ మధ్య. బెంగుళూరు పెళ్ళిళ్ళలో సన్నాయికి బదులు శాక్సఫోను అడగడం మొదలుపెట్టినప్పుడు ఆవులప్పే కొడుకు సందీప్‌కు శాక్సఫోను కొనిచ్చాడు. తన తర్వాత మేళం వాడిదే అనుకున్నాడు. పదేళ్ళు తండ్రి పక్కన వాయించిన సందీప్, ఇరవై నాలుగో ఏట అదే శాక్సఫోను పట్టుకుని ఇంకో దారి పట్టాడు. నలుగురు కూడి, రాసుకున్న పాట అయిపోయాక ఎవరికి తోచింది వాళ్ళు అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే జాజ్ సంగీతం. కేఫుల్లో, హోటళ్ళలో కచేరీలు. మారతహళ్ళిలో ముగ్గురితో కలిసి ఒక గది.

వెళ్ళిన రోజు తండ్రి అన్నాడు: "పెండ్లింట్లో ఊదితే ముత్తైదువలు దీవిస్తారు. బారులో ఊదితే తాగినోడు కేకేస్తాడు. పో, కుక్క మాదిరి ఊదుకో పో."

కొడుకు అన్నాడు: "అందరి ఆకులెత్తినాక మూల కూచోబెట్టి పెట్టే కూడు తిన్నావు నాయనా నువ్వు, జన్మంతా. నన్నూ తినమంటావా?"

రెండేళ్ళు మాటల్లేవు. ఒక్కసారి వాడి వాయింపు వింటే నాయన మెత్తబడతాడని చైత్ర ఆశ. పోయిన ఆదివారం మధ్యాహ్నం ఇందిరానగర్‌లోని ఒక కేఫులో సందీప్ బృందం జనం ముందు వాయిస్తూ తమ మొదటి ఆల్బం రికార్డు చేసుకుంటున్నారని తెలిసి, వాడికి చెప్పకుండా మూడు సీట్లు బుక్ చేసింది. అమ్మానాయనల్ని బతిమాలి తీసుకెళ్ళి స్తంభం చాటున కూర్చోబెట్టింది.

చివరి పాటకు ముందు సందీప్ మైకు దగ్గరికి వచ్చాడు. ఇంగ్లీషులో చెప్పాడు. మా నాన్న పెళ్ళిళ్ళలో వాయించేవాడు. తాళి కట్టే క్షణంలో ఎవరైనా తుమ్మితే అపశకునమట. ఆ తుమ్ము వినబడకుండా చేతనైనంత గోల చెయ్యాలి. అంటే మా నాన్న నలభై ఏళ్ళు వాయించింది సంగీతం కాదండీ, తుమ్ముకు అడ్డం పెట్టిన దుప్పటి. అని, మైకులో ఒక తుమ్ము తుమ్మి, బుగ్గలు బంతుల్లా ఉబ్బించి, కళ్ళు మిటకరించి, శాక్సఫోనులో గట్టిమేళం ముక్కను వంకరటింకరగా ఊదాడు. హాలు నవ్వులతో దద్దరిల్లింది.

ఆవులప్పకు ఇంగ్లీషు రాదు. 'ఫాదర్' అన్న మాట తెలుసు. ఆ వెంటనే తన గట్టిమేళం వినబడింది. అంత పెద్దవాళ్ళ మధ్య, అంత పెద్ద మైకులో! ఆయన లేచి నిలబడి, చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టి, అందరికంటే గట్టిగా నవ్వి, "భళా! భళా!" అని అరిచాడు. ఏమన్నాడని తల్లి అడిగింది. అప్పుడు చైత్ర నోటికొచ్చిన అబద్ధమే ఈ వారమంతా ఊరు తిరుగుతోంది.

బయట బండి ఆగిన చప్పుడైంది.

"మేయ్, సందీప్ వచ్చినాడు!" అంటూ శ్రీనివాసప్ప లేచాడు. ఆవులప్ప లేవబోయి, పెద్దరికం గుర్తొచ్చి, కూర్చునే ఉన్నాడు. "రాప్పా, రా," అన్నాడు. రెండేళ్ళ తర్వాత వచ్చిన మొదటి మాట అది. సందీప్ తల ఊపి నేరుగా వంటింట్లోకి వచ్చాడు.

"అమ్మా, ఒక్క నిమిషం ముందుకు పో."

"రెండేండ్లకొస్తివి, నన్నే బయటికి పొమ్మంటావా? దోసె మాడతాది. చెప్పుకో, నాకేం వినబడదులే."

సందీప్ అక్క చెవి దగ్గర పళ్ళు బిగించి మాట్లాడాడు. "ఎవరు తీసుకురమ్మన్నారే? నిన్న స్టూడియోలో హెడ్‌ఫోన్ పెట్టుకుంటే నాయన 'భళా' అంటున్నాడు! మా సౌండింజనీరు పడీ పడీ నవ్వి, 'ఎవరా అంకుల్, ట్రాక్‌కి ప్రాణమే ఆయన' అంటాడు. నా మొదటి రికార్డులో కూడా ఈ పెండ్లి గోలేనా?"

"మెల్లగా రా. నాయనకు ఏమీ తెలీదు. నువ్వు పొగిడినావు అనుకుంటున్నాడు. నేనే అట్ల చెప్పినా. నీ కాళ్ళు పట్టుకుంటా, ఒక దోసె తిని, నవ్వి, పో. వాళ్ళకు నిజం తెలిస్తే ఇంక ఈ ఇంట్లో నువ్వూ ఆయనా ఈ జన్మకు కలవరు."

సందీప్ మొహం తిప్పుకున్నాడు. ఏ కళన ఉన్నాడో, సరే అన్నట్టే తల ఊపాడు. చైత్రకు ఊపిరొచ్చింది.

"ఏమప్పా గుసగుసలు?" నడవలోంచి పిలుపు. "ఈడికి రా. ఒగ పని చెయ్. ఆ పొద్దు ఇంగ్లీషులో చెప్పింది ఇప్పుడు తెలుగులో చెప్పప్పా. మీ మామ వినాల. మీయమ్మ వినాల."

"చైత్ర చెప్పిందంట గదా నాయనా," అంటూ సందీప్ నడవలోకి వచ్చాడు.

"అది చెప్తే వేరే, నీ నోట్లో వస్తే వేరే. అప్పుడు నిన్ను కుక్క మాదిరి అనింటి. తప్పే. ఒప్పుకుంటా." ఆవులప్ప గొంతు సంతోషంతో పైకి లేచింది. "అయితే ఒగటి చూసుకో. రెండు గంటలు నువ్వు ఇంగ్లీషు పాటలు ఊదితే ఆ జనం ఊరికే కూకోనుండారు. మన గట్టిమేళం ముక్క ఒగటి పడింది చూడు, హాలు లేచిపోయింది! ఎంత దూరం పోయినా నీ చేతిలో ఉండేది నా సరుకే."

ఆ మాట సందీప్‌కు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మొహం నల్లబడింది. "నిజంగా చెప్పమంటావా?"

చైత్ర గభాల్న మిక్సీ మీట నొక్కింది. చెవులు చిల్లులు పడే చప్పుడు ఇల్లంతా నిండింది. ఆ హోరులో సందీప్ పెదాలు కదులుతున్నాయి. ఆవులప్ప చెయ్యెత్తాడు.

"గట్టిమేళం చాలుగానీ, ఆపు మే! నాకు వినపడనీ."

చైత్ర వేలు మీట మీంచి జారింది.

సందీప్ చెప్పాడు. ఒక్క ముక్క మిగల్చకుండా, ఒక్క ముక్క మెత్తబరచకుండా, తుమ్ముతో సహా చెప్పాడు. బుగ్గలు ఉబ్బించడం మాత్రం చెయ్యలేదు.

పెనం మీద దోసె మాడుతోంది. ఆవులప్ప నిదానంగా అన్నాడు.

"అంతా నిజమే గదప్పా. తుమ్ము కప్పెట్టడమే మా పని. ఆ గడియలో ఎవుడో తుమ్మితే ఆ పిల్లని అత్త పదేండ్లు దెప్పుతాది. పాలు విరిగినా, బిడ్డ నిలవకపోయినా, నీ మెడలో తాళి పడేటప్పుడే తుమ్మినారు అంటాది. ఆ మాట పుట్టకూడదనే గదా మేము గుండె పగిలేటట్ల ఊదేది." ఆగి, కొడుకు మొహంలోకి చూశాడు. "మరి వాళ్ళెందుకు నవ్వినారు?"

"వాళ్ళకు అది... వింత."

"వింతకు నోరు తెరుస్తారు. నవ్వరు."

"నువ్వు బుగ్గలు పొంగించేది నేను చేసి చూపిస్తి నాయనా."

"ఎందుకు చూపిస్తివి?"

సందీప్ వంటింటి వైపు చూశాడు.

"చెప్పప్పా. నాకు చదువు లేదు. విడదీసి చెప్తే గాని అర్థం గాదు."

"నవ్వాలని."

"ఎవుర్ని చూసి?"

శ్రీనివాసప్ప నేలచూపులు చూస్తున్నాడు. ఆవులప్ప కదలకుండా కూర్చుని, చిన్నపిల్లవాడి చేత పాఠం అప్పచెప్పించుకుంటున్నట్టు మళ్ళీ అడిగాడు. "ఎవుర్ని చూసి?"

"నిన్ను."

"ఓ," అన్నాడు ఆవులప్ప. చెయ్యి మెల్లగా నోటిమీదికి వెళ్ళింది. వేళ్ళ సందులోంచి వచ్చింది మాట: "నేనూ నవ్వితినే."

శ్రీనివాసప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఒరే సందీపూ, ఆకులెత్తినాక తిన్నామని గదా నీ బాధ? మమ్మల్ని మూల కూచోబెట్టినోళ్ళు కూడా ఇంత మాట మైకులో అనలేదురా." వెళ్ళబోతూ గడప దగ్గర ఆగిపోయాడు, బావను వదిలి పోలేక.

అక్కయమ్మ కొడుకును ఏమీ అనలేదు. స్టవ్వు ఆర్పి కూతురి వైపు తిరిగింది.

"నీకు తెలుసునా?"

"అమ్మా, నాయన బాధపడతాడని..."

"తెలిసే ఆయన చేత పాల బూతులో చెప్పించినావు. గుళ్ళో చెప్పించినావు. ఆ డాక్టరమ్మకు చెప్పించినావు. ఆ పొద్దు ఎవురైనా ఫోన్లో తీసి పెట్టింటే, ఇంగ్లీషొచ్చినోళ్ళు ఎంతమంది అది చూసి నవ్వుకొని, ఈయన ముందర చేతులు జోడించినారో! వాడు ఒగ పూట నవ్వులపాలు జేసినాడు. నువ్వు వారం దినాలు వీధి వీధీ తిప్పినావు కదమ్మా."

చైత్ర గోడకు ఆనుకుంది. తాను అతికిస్తున్నాననుకుంది. పోయిన ఆదివారమే, ఆ కేఫు మెట్లమీదే నిజం చెప్పి ఉంటే ఆయన ఒక్కసారి ఏడ్చి ఉండేవాడు. ఇప్పుడు ఈ వారంలోని ప్రతి సంతోషాన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుని ఏడవాలి.

"నీ ఫోన్లో ఉండాదా అది సందీపూ?" ఆవులప్ప అడిగాడు. "పెట్టు."

"వద్దు నాయనా."

"పెట్టప్పా."

సందీప్ ఫోను తీసి నొక్కాడు. కొడుకు గొంతు, తుమ్ము, వంకర గట్టిమేళం, నవ్వుల హోరు. ఆ హోరు పైన, కల్లాకపటం లేని ముసలి నవ్వు. "భళా! భళా!" ఆ వెంటనే పాట మొదలైంది. ఆవులప్ప కళ్ళు మూసుకున్నాడు. ఏడు నిమిషాలు కదల్లేదు. పాట అయ్యాక కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"రెండోసారి పైకి పోయినావే, ఆడ ఊపిరి తెగింది నీకు. కింది స్వరం పట్టుకొని కప్పేసినావు. ఎవురికీ తెలియదు. బాగుండాది. శానా బాగుండాది."

ఆ తెగిన చోటు బృందంలో ఎవరూ పట్టలేదు. ఇంజనీరు పట్టలేదు. సందీప్ ఉన్నచోటే కూలబడి, చాపమీదికి పాకి, తండ్రి మోకాలికి తల ఆనించి బావురుమన్నాడు.

"తీసేస్తా నాయనా. ఆ మాటా, ఆ నవ్వూ అన్నీ కోసేస్తా. పాట ఒక్కటే పెడతా."

"కోస్తే నేను యాడుంటానప్పా?" ఆవులప్ప గొంతులో కోపం లేదు. అదే భయంగా ఉంది. "నలభై ఏండ్లు ఊదితి. ఎవురింట్లో పెండ్లి వీడియో తీసి చూసినా నేను బుగ్గలు పొంగిచ్చుకొని ఊదతా కనపడతా. మీద సినిమా పాట వేసింటారు. నా సన్నాయి యాడా లేదు. ఇంక ఊదేదానికి పండ్లు లేవు. నా చప్పుడు ఈ లోకంలో మిగిలింది ఆ నవ్వొగటే. ఉండనీ."

"అయితే నా మాట మటుకు తీసేస్తా."

"వద్దు. అదీ ఉండనీ. అది తీసేస్తే నేను ఎందుకు నవ్వినానో తెలియకపోతాది. రెండూ ఉండనీ. నువ్వు యాడ వాయించినా, ఎవురు పెట్టుకొని విన్నా, ముందు నువ్వన్న మాట రావాల, ఎనక నా నవ్వు రావాల. ఆ తరువాత నీ పాట."

"అది నేను వినలేను నాయనా!"

"నేను విన్నా గదా."

గడప దగ్గర శ్రీనివాసప్ప తువ్వాలులో మొహం దాచుకున్నాడు. వంటింటి గుమ్మంలో చైత్ర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. దగ్గరికి వెళ్ళే ధైర్యం లేదు. చెప్పడానికి ఇంకో తియ్యటి మాట మిగల్లేదు.

సందీప్ ఏడుస్తూనే ఉన్నాడు. ఆవులప్ప చెయ్యి కొడుకు తలమీదికి రాలేదు. మోకాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.