నూటికి ఎంత, నాన్నా?

పొద్దున్నే దర్జీగారు బల్లకు పొట్ట ఆనించి నిలబడి గుడ్డ కత్తిరిస్తున్నారు. నడుం నొప్పి ముదిరాక ఆయన నిలబడే తీరే అది. ఆపరేషన్ చేయించుకుంటారో లేదో సాయంత్రంలోగా డాక్టరుకు చెప్పాలి. ఆయనేమో నాలుగు రోజులుగా ఒక పూట సరే అంటారు, ఇంకో పూట వద్దంటారు.

కూతురి ఉద్యోగమే ఇలాంటివాళ్ళ మనసు కొలవడం. జబ్బు నయమవడానికి ఎంత ప్రమాదానికి సిద్ధపడతారో ఆసుపత్రిలో రోగులను అడిగి రాసుకుంటుంది. ఊళ్ళోవాళ్ళందరినీ అడిగే పిల్ల ఇంట్లో మనిషిని అడగకుండా ఉంటుందా? కాగితాలు పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

“ఆపరేషన్ కుదిరితే మునుపటిలా నిలబడతావు నాన్నా. కుదరకపోతే ప్రాణం పోతుందనుకో. ఇది చేయించుకున్నవాళ్ళలో నూటికి ఎంతమంది పోయినా నువ్వు ఒప్పుకుంటావు?”

“ఇరవై,” అన్నారాయన, కత్తెర ఆపకుండా.

ఆమె రాసుకుంది.

“సరే, కుదరకపోయినా ప్రాణం పోదనుకో. కాళ్ళు పడిపోయి మంచాన ఉంటావు, అంతే. అప్పుడు?”

“ఒక్కటి కూడా వద్దు.”

చావుకు ఇరవై, మంచానికి సున్నా! తలకిందులుగా విన్నారేమోనని మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే జవాబు. మూడోసారీ అదే. ఆమెకు అంతా అయోమయంగా ఉంది.

“ఎన్నిసార్లు అడుగుతావే? చెవుడు నాకా, నీకా?”

“పోవడం కంటే బతికుండడం మేలు కదా! ఇలా చెబితే నేనేం రాయను?”

“ఎవరికే మేలు?” కత్తెర బల్లమీద పడేశారు. “నేను పోతే మీ అమ్మ నాలుగు నెలలు ఏడ్చి ఊరుకుంటుంది. మంచాన పడితే? బకెట్ నీళ్ళు ఎత్తితేనే ఆవిడకు ఆయాసం. రోజూ నన్నెత్తి పక్కకు తిప్పాలి...”

కిటికీ దగ్గర గుండీలు కుడుతున్న తల్లి సూది ఆపింది. ఆవిడ అక్కడే ఉన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

“నాలుగు నెలలా! బాగానే లెక్క కట్టారు,” అంది. “ఏమే, ఆ ప్రశ్న నన్నడుగు.”

“అమ్మా, ఇది రోగిని మాత్రమే...”

“అడగమన్నానా!”

కూతురు అడిగింది.

“ఆయన పోవడానికైతే నూటికి ఒక్కటి కూడా ఒప్పుకోను. మంచాన పడడానికైతే ఎంతైనా రాసుకో. నూరు రాసుకో.”

కూతురికి ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళుగా ఎన్ని మంచాల పక్కన కూర్చుందో! రోగితో వచ్చినవాళ్ళను ప్రతిసారీ “కాస్త బయట ఉండండి” అని పంపేసి మరీ అడిగింది.

దర్జీగారు భార్య వైపు తిరిగారు.

“అయితే చేయించుకోమంటావా, వద్దంటావా?”

“ఇప్పటికి నన్నడిగారు,” అంటూ ఆవిడ కొంగులో ముఖం దాచుకుంది.