ఎడమ మడ్‌గార్డు మీద బరువు

ఆదోని పత్తి మార్కెట్టు వెనక సందులో ఇమాం సాబ్ షెడ్డు ఉండేది. నాలుగు రేకులు, ఒక వేపచెట్టు, ఆ చెట్టుకొమ్మకు ఒక గొలుసు. ఆ గొలుసుతోనే ఇంజన్లు పైకెత్తేవాడు. డెబ్భై తొమ్మిది శ్రావణమాసంలో ఆ గొలుసుకు వేలాడింది వెంకటేశులు సావుకారి కారు ఇంజను.

అది ఎప్పుడో యాభైల్లో మద్రాసు నుంచి వచ్చిన అమెరికా బండి. దాని పొడుగూ వెడల్పూ చూసి ఊళ్ళో అందరూ ఓడ అనేవాళ్ళు. పత్తి మిల్లు యజమాని వెంకటేశులు అందులో వస్తుంటే ఎద్దులబళ్ళు రోడ్డు దిగి నిలబడేవి. ఇప్పుడు ఆయన దాని పెట్రోలు ఇంజను తీయించి డీజిల్ ఇంజను పెట్టిస్తున్నాడు. పెట్రోలు ధర పిరమై పెద్ద బళ్ళవాళ్ళంతా అదే పని చేయిస్తున్న రోజులు గనక ఎవరూ వింత పడలేదు. బళ్ళారి పాతసామాన్ల అంగడిలో ఒక వ్యాను ఇంజను దొరికింది కూడా.

"డీజిల్‌కు మోత ఎక్కువ సావుకారీ. ఇంత మెత్తగా పోయే బండిని ట్రాక్టరు సేసుకుంటావా?" అన్నాడు ఇమాం సాబ్.

"మోత ఉంటే ఉండనీ సాబూ. ఆ పెట్రోలు వాసన లేకుంటే సాలు."

ధర మాట ఎత్తలేదు. వాసన అన్నాడు. ఇమాం సాబ్ స్పానరు మీద నుంచి చూపు తిప్పలేదు.

ఈ రెండు ఇంజన్లకూ తేడా ఏమిటో తెలిస్తేగాని తరవాత జరిగింది అర్థం కాదు. పెట్రోలు ఇంజను నెత్తిన కార్బురేటరు అని చెంబంత గిన్నె ఒకటి ఉంటుంది. పెట్రోలునూ గాలినీ కలిపి లోపలికి పంపడం దాని పని. లోపల ప్లగ్గు నిప్పురవ్వ పుట్టిస్తుంది, ఆ మిశ్రమం మండుతుంది, బండి కదులుతుంది. తాళం తిప్పితే రవ్వ ఆగిపోతుంది, బండీ ఆగిపోతుంది. డీజిల్ ఇంజనుకు ఆ గిన్నే లేదు, రవ్వా లేదు. ఒక పంపు సన్నటి గొట్టాల గుండా డీజిల్‌ను చుక్కలు లెక్కపెట్టినట్టు లోపలికి చిమ్ముతుంది. అక్కడ అణిచిపెట్టిన గాలి వేడికే అది భగ్గుమంటుంది. దాన్ని ఆపాలంటే తాళం తిప్పి లాభం లేదు. డీజిల్ రాకుండా చెయ్యాలి. అందుకని స్టీరింగు కింద ఒక తీగ పెడతారు. లాగితే పంపు మూసుకుంటుంది.

ఒక్క మాటలో చెప్పాలంటే, మొదటిదానికి నిప్పు ఆర్పాలి. రెండోదానికి తిండి ఆపాలి.

అన్ని బోల్టులూ విప్పాక కార్బురేటరును చేతిలోకి తీసుకున్నాడు ఇమాం సాబ్. మూడు నెలలుగా మూలపడి ఉన్న బండి. గిన్నె ఎండిపోయి ఉండాలి. మూత తీస్తే నిండా పెట్రోలు... పైన చిన్న అల కూడా కదిలింది, ఎవరో ఇప్పుడే పోసి పక్కకు జరిగినట్టు. గబగబా గుడ్డలో చుట్టి, రేకు పెట్టెలో పెట్టి మూత వేశాడు. చేతులు సబ్బుతో మూడుసార్లు కడిగాడు. వాసన పోలేదు.

ఆ ఓడను పదేళ్ళు నడిపినవాడు సుంకప్ప. ఎమ్మిగనూరు మనిషి. పడుచువాడుగా ఈ షెడ్డులోనే పని నేర్చుకున్నాడు గనక చివరిదాకా ఇమాం సాబ్‌ను "ఉస్తాద్" అనే పిలిచాడు. కుడిచేతి చూపుడువేలు సగానికే ఉండేది. మిగతా సగం ఫ్యాను బెల్టు తినేసింది. "సగం వేలు నీ షెడ్డుకు బాడుగ కట్టినా ఉస్తాద్" అని నవ్వేవాడు.

ట్యాంకు నుంచి కార్బురేటరుకు పెట్రోలు తెచ్చే పంపు దారిలో చెడిపోతే ఏం చెయ్యాలో కూడా ఇమాం సాబే నేర్పాడు. బానెట్టు విప్పి వెనకసీట్లో పడెయ్యాలి. ఒక మనిషి మడ్‌గార్డు మీద కూర్చొని, సీసాతో పెట్రోలు కొంచెం కొంచెంగా కార్బురేటరులో పోస్తూ ఉండాలి. ఇంకొకరు నడపాలి. "గతుకుల్లో పడిపోతావు, నడుముకు తువ్వాలు కట్టి ఆ కమ్మీకి ముడెయ్యి" అని కూడా చెప్పాడు. ఆ మాట ఆయనకిప్పుడు అన్నం దగ్గర గుర్తొస్తుంది.

ఆరు నెలల కిందట, మాఘమాసంలో ఎమ్మిగనూరికి పోతుంటే పంపు చెడింది. సుంకప్ప నడుముకు తువ్వాలు కట్టుకొని ఎడమ మడ్‌గార్డు ఎక్కాడు. సావుకారి నడిపాడు. ఎర్రవంక కల్వర్టు దగ్గర మంట లేచింది. సుంకప్ప బతకలేదు. "వద్దురా అంటే ఇనకుండ బీడీ ముట్టించినాడు" అని సావుకారి చెప్పాడు. ఊరంతా అదే చెప్పుకుంది.

సుంకప్ప జన్మలో బీడీ తాగలేదు. అది ఇమాం సాబ్‌కు తెలుసు. ఇంకొకటీ తెలుసు. బండిని షెడ్డుకు లాక్కొచ్చిన రోజు చూశాడు. మసి ఎడమ మడ్‌గార్డు నుంచి తలుపు మీదుగా వెనకచక్రం దాకా జాటీలాగా, కొరడా విసిరినట్టు సాగి ఉంది. నిలబడ్డ బండి అంటుకుంటే మంట పైకి పోతుంది. పరుగెత్తే బండి అంటుకుంటేనే మంట వెనక్కి పోతుంది. అంటే మనిషి కాలుతుంటే సావుకారి బండి ఆపలేదు. తాళం తిప్పలేదు.

"పోలీసులు రాకముందే రంగు ఏసెయ్ సాబూ. ఈ షెడ్డు స్థలం నాదే గదా" అన్నాడు సావుకారి ఆ రోజు, నవ్వుతూనే.

ఇమాం సాబ్ రంగు వేశాడు. రెండు కోట్లు.

తరవాత సుంకప్ప భార్య బసమ్మ వచ్చింది. "అన్నా, ఆయప్ప బీడీ తాగుతాడా? నీకు తెల్దా? పంచాయితీలో నిలబడి ఒక్క మాట సెప్పు. బీడీ సుంకప్ప పెండ్లాం అంటాండారన్నా నన్ను." ఇమాం సాబ్ కళ్ళెత్తకుండా బోల్టులు కిరసనాయిల్లో కడుగుతూ ఉండిపోయాడు. ఆమె వెళ్ళిపోయింది.

కొత్త ఇంజను ఎక్కింది. శ్రావణ సోమవారం, పొద్దు వాలుతుండగా బండిని పరీక్షించడానికి ఎమ్మిగనూరు దారి పట్టారు ఇద్దరూ. నడిపేది సావుకారి. ఎడమవైపు ఇమాం సాబ్.

"సూసినావా సాబూ! వాసన లేదు, ఏమీ లేదు" అన్నాడు సావుకారి. చాలా రోజులకు ఆయన మొహంలో కళ వచ్చింది. "ఇంగ ఆ కల్వర్టు కాడ ఆగదు ఇది. సూడు."

"అంతకు ముందు ఆగేదా?"

సావుకారి గేరు మార్చాడు.

ఉరుకుంద ఈరన్న జాతరకు పోయే బస్సులు రెండు ఎదురొచ్చి దాటిపోయాయి. ఆ తరవాత దారి ఖాళీ. రెండువైపులా నల్లరేగడి, మోకాలెత్తు జొన్న. పడమట మబ్బు కింద ఒక్క ఎర్రటి గీత మిగిలింది. తడిమట్టి వాసన. డీజిల్ ఇంజను టకటకమని కొడుతోంది.

అప్పుడు వచ్చింది. ముందు సన్నగా... తరవాత గొంతు పట్టేంతగా.

పెట్రోలు.

"సాబూ," అన్నాడు సావుకారి మెల్లగా. "నీ గుడ్డలకుండాదా?"

"లేదు సావుకారీ."

బండి ఎడమపక్కకు ఒరిగింది. గుంత లేదు, రాయి లేదు. ఒక మనిషి ఎక్కి కూర్చుంటే స్ప్రింగు ఎట్లా కుంగుతుందో అట్లా కుంగింది. కుంగి, అట్లాగే ఉండిపోయింది.

ఎదురుగా ఎర్రవంక కల్వర్టు తెల్లసున్నం గోడలు కనిపించాయి.

సావుకారి బ్రేకు తొక్కాడు. బండి నిలబడింది. తాళం తిప్పి, తీగ లాగాడు. ఇంజను ఆగలేదు. ఇంకా గట్టిగా లాగాడు. తీగ బెత్తెడు బయటికి వచ్చింది. ఆగలేదు. పైగా ఆ టకటక నెమ్మదిగా సర్దుకుంది... మెత్తబడింది... పాత ఓడ పాడినట్టే సన్నగా పాడింది.

"దిగి సూడప్పా!"

ఇమాం సాబ్ దిగాడు. ఎడమ మడ్‌గార్డు పక్కనుంచి పోవాలి. దాన్ని తాకకుండా చెయ్యి ముడుచుకొని పోయాడు. బానెట్టు ఎత్తి డీజిల్ గొట్టం విప్పాడు. డీజిల్ నేలమీద కారిపోయింది. ఇంజను తిరుగుతూనే ఉంది.

ఆయన పాతకాలపు మెకానిక్కు. దేనికి భయపడ్డా ఇంజనుకు భయపడడు. డీజిల్ ఇంజను గాలిదారిలో ఎవరైనా ఏదైనా పోస్తుంటే దాన్నే తాగి తిరుగుతుందని ఆయనకు తెలుసు. అప్పుడు గాలి మూసెయ్యాలి. భుజం మీది తువ్వాలు మడిచి, గాలి పీల్చే గొట్టం మూతి మీద పెట్టబోయాడు.

అక్కడ అప్పటికే ఒక చెయ్యి ఉంది.

కంటికి కనిపించలేదు. వేళ్ళకు తగిలింది. వెచ్చగా, తడిగా ఉంది. ఒక వేలు... సగానికే ఉంది.

చెవి పక్కన ఊపిరంత మాట.

"నేను పోస్తాండా ఉస్తాద్. నువ్వు నేర్పిందే గదా."

ఇమాం సాబ్ వెనక్కి పడ్డాడు. లోపల సావుకారి తలుపు గుద్దుతున్నాడు. గడి తెరుచుకోవడం లేదు.

"సుంకప్పా! తప్పయిపోయిందిరా! నిలబడితే మంట నా మీదికొస్తాదని... భయపడి బండి పోనిచ్చినానురా! ఆపప్పా! ఆపు!"

"నేనూ అదే మాట అన్యా గదా సావుకారీ." మాట మడ్‌గార్డు మీద నుంచి వచ్చింది. అందులో కోపం లేదు. అదే భయం. "తాళం తిప్పు."

"తిప్పినా! తీసేసినా! సూడు సాబూ, తీసేసినా!" కిటికీలోంచి తాళంచెవి వచ్చి ఇమాం సాబ్ కాళ్ళ దగ్గర పడింది.

బండి కదిలింది. ఎత్తిన బానెట్టు ఎత్తినట్టే... కల్వర్టు దాటింది. వెనక ఎర్రదీపాలు రెండూ చిన్నవై, ఒకటై, ఆరిపోయాయి. "ఆపప్పా" అన్న కేక మాత్రం కాసేపు వినిపించింది.

ఇమాం సాబ్ తాళంచెవి ఏరుకొని జేబులో వేసుకొని నడిచాడు. ఫర్లాంగు దూరంలో ఓడ జొన్నచేలో నిలబడి ఉంది. మోత లేదు. బానెట్టు కింద చెయ్యి పెట్టి చూశాడు. బావినీళ్ళంత చల్లగా ఉంది ఇంజను. సావుకారి సీట్లోనే కూర్చొని ఉన్నాడు, రెండు చేతులూ స్టీరింగు మీదే. ఒంటిమీద ఎక్కడా కాలిన గుర్తు లేదు. గడ్డం పట్టుకొని కదిపితే నోరు తెరుచుకుంది. అందులోంచి పెట్రోలు కారి చొక్కా మీదికి వచ్చింది...

ఎడమ మడ్‌గార్డు మీద ఆయన వేసిన రెండు కోట్ల రంగు పెచ్చులుగా లేచిపోయి ఉంది. కింద మసి, జాటీలాగా, వెనకచక్రం దాకా.

ఇమాం సాబ్ పరుగెత్తాడు. ఎమ్మిగనూరు రెండు మైళ్ళు. నేతగాళ్ళ వీధిలో బసమ్మ ఇల్లు. ఆమె లాంతరు పెట్టుకొని గుమ్మంలో కూర్చొని రాట్నం మీద కండెలు చుడుతోంది.

"రా అన్నా," అంది తల ఎత్తకుండా. "వస్తావని తెలుసు."

"బసమ్మా... ఒక సంగతి సెప్పాల."

"వెంకటేశులు సావుకారి సెప్పిపాయ. దీపాలు పెట్టే పొద్దుకు వచ్చినాడు. ఈడనే, ఈ గుమ్మం బయటనే నిలబడినాడు. లోపలికి రాలేదు. ఒంటినిండా పెట్రోలు వాసన. బీడీ అబద్ధమమ్మా, నేనే బండి ఆపలేదు అన్యాడు. వీధిలో అందరూ ఇన్యారు. ఇంగ నా మొగుడు బీడీ సుంకప్ప కాదు."

దీపాలు పెట్టే పొద్దుకు సావుకారి జొన్నచేలో శవమై ఉన్నాడు.

రాట్నం ఆగింది.

"ఇంకొక మాట కూడా అన్యాడన్నా. మసి మీద రంగు ఏసినోడు ఒకడుండాడంట. వాడే వచ్చి వాని నోటితోనే సెప్తాడంట." బసమ్మ ఇప్పుడు తల ఎత్తింది. "ఎవరన్నా వాడు?"

ఇమాం సాబ్ నోరు తెరిచాడు. షెడ్డు కనిపించింది. వేపచెట్టు, గొలుసు, ముప్ఫై ఏళ్ళ పేరు. సావుకారి పోయాడు. ఆ రంగు సంగతి తెలిసినవాడు ఇంక ఈ లోకంలో లేడు.

"తెల్దు తల్లీ," అన్నాడు.

బసమ్మ ఆయన మొహంలోకి చూసింది. తరవాత ఆయన భుజం మీదుగా వీధిలోకి, చీకట్లోకి చూసింది. లాంతరు వత్తి తగ్గించి, దూరంగా ఏదో మోత వింటున్నట్టు చెవి ఒగ్గింది.

ఇమాం సాబ్ జేబులో చెయ్యి పెట్టాడు. తాళంచెవి అక్కడే ఉంది. వేడిగా ఉంది.

"బండి ఆపకుండానే దిగి వచ్చినావా అన్నా?" అంది బసమ్మ.