హినత్సు సుమియే గారి ఆదరణ కూడిక

ఆదివారం ఉదయం ఏడున్నరకి ఎలీసమ్మ పనసాకుల దొన్నెల్లో ఉడికించిన పొట్టిక్కబుట్టలు విప్పి పళ్ళెంలో పెట్టింది. భర్త యేసురత్నం గారు నాలుగు తిని, ఐదోదానికి చెయ్యి చాచి, భార్య చూపు పసిగట్టి వెనక్కి తీసుకున్నారు. కూతురు లిడియా ఒక్కటి కూడా ముట్టలేదు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"తలనొప్పిగా ఉందమ్మా. ఈవేళ నేను గుడికి రాలేను."

"వస్తుంది మరి! ఎమ్మెస్సీ చదివి, కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మనిషి ఇరవై ఆరేళ్ళొచ్చేక కూడా బొమ్మలు చూస్తుంటే తలనొప్పి రాదూ?" అన్నారు యేసురత్నం గారు.

ఎలీసమ్మ ఏమీ అనలేదు. అనకపోవడం భర్తను సమర్థించడమే అని ఆమెకు తెలుసు. ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు బోధించి, రాజోలులో ప్రధానోపాధ్యాయినిగా పదవీ విరమణ చేసిన ఆమెకు, కూతురి 'షియోకజె' ఒక లొంగని జబ్బులా తోచేది. అది ఇరవై ఆరేళ్ళుగా టీవీలో సాగుతున్న జపాను బొమ్మల కథ. నీట మునిగిన దేశంలో మిగిలిన దీవుల మధ్య ఇసామి అనే కుర్రవాడు పడవ నడుపుతుంటాడు. ఇప్పటికి పదకొండు వందల భాగాలు దాటాయి. ఇంటర్మీడియట్‌లో ఉండగా లిడియా ఆ కథ గురించి నెట్‌లో తెలుగులో ఒక పేజీ మొదలుపెట్టింది. కొత్త భాగాల వార్తలు, పాత భాగాల మీద చర్చలు. తొమ్మిదేళ్ళయింది. తల్లి అందులో ఒక్క వాక్యం కూడా చదవలేదు.

గుడిలో కీర్తన ముగిశాక, సంఘ కార్యదర్శి హోదాలో యేసురత్నం గారు ప్రకటనలకు లేచారు. సంఘస్థులు ఆ క్షణాన అందించే చీటీలను ముందుగా చూసుకోకుండా, తడబడకుండా చదవడం ఆయనకు ఇరవై రెండేళ్ళ అలవాటు. తహసీల్దారు కార్యాలయంలో ఉద్యోగం చేసిన గొంతు అది. రెండు చీటీలు సాఫీగా సాగిపోయాయి. సంఘ పెద్ద సాలమోను ఇచ్చిన మూడోది విప్పారు.

"మన సంఘ కార్యదర్శి శ్రీ యేసురత్నం గారి కుటుంబంలో..."

గొంతు ఆగింది. కానీ మొదలుపెట్టిన వాక్యాన్ని మధ్యలో వదిలిన చరిత్ర ఆయనకు లేదు.

"...పెద్దావిడ ప్రభువునందు నిద్రించినందున, నేటి సాయంత్రం నాలుగు గంటలకు వారి స్వగృహమందు ఆదరణ కూడిక జరుగును. సంఘమంతయు పాల్గొనవలెను."

ఆ చిన్న విరామాన్ని సంఘమంతా దుఃఖంగా లెక్కగట్టింది. ఆడవాళ్ళ వైపు నాలుగు చేతులు ఒక్కసారిగా ఎలీసమ్మ భుజం మీద పడ్డాయి. ఎవరు పోయారో తెలియక ఆమె కె.గంగవరంలో ఉన్న తన పినతల్లిని తలచుకుని వణికిపోయింది. ఆరాధన ముగియగానే గుడి మెట్ల మీద నిలబడి ఫోను చేస్తే, ఆవిడే ఎత్తి, "పనసకాయ పంపమంటావేమే?" అని అడిగింది.

ఇల్లు చేరగానే యేసురత్నం గారు చెప్పులు కూడా విప్పలేదు.

"సాలమోను నీ స్టేటస్ చూసేడట. నల్ల గీతల మధ్య ముసలావిడ ఫొటో. 'ఇరవై ఆరేళ్ళ గొంతు ఇక వినపడదు, సెలవు' అని రాసేవట. నువ్వు గుడికి రాకపోయేసరికి మనింట్లో ఎవరో పోయేరని నిర్ధారించుకున్నాడు. ఎవరావిడ?"

"హినత్సు సుమియే గారండి. టోక్యోలో ఉంటారు." లిడియా ఆగింది. "ఉండేవారు."

"మనకి ఏమవుతారు?"

"ఇసామికి గొంతిచ్చేరండి. మొదటి భాగం నుంచీ ఆవిడే."

యేసురత్నం గారు కుర్చీలో కూలబడ్డారు. "అంటే బొమ్మకి! సాయంత్రం యాభైమంది వస్తారు. ఏమని చెప్పను? జపాను కార్టూను పోయిందని చెప్పనా?"

"కార్టూను పోలేదండి నాన్నగారూ. మనిషి పోయింది."

"నోరు ముయ్యి! కూలికెళ్ళొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే పలక పట్టేరు మా తాత లాజరు గారు. నలభయ్యో ఏట అక్షరాలు దిద్దేరు. ఆయన తెచ్చిన చదువు ఇందుకా? నాలుగింటికి నువ్వే నిలబడి తప్పయిందని చెప్పు. ఆ పేజీ అందరి ఎదుటా తీసెయ్యి. ఇక దాని మాట ఈ ఇంట్లో వినపడకూడదు."

లిడియా తల్లి వైపు చూసింది. తొమ్మిదేళ్ళలో సాయం కోసం అలా చూడడం అదే మొదలు.

"అలాగేనండి," అంది లిడియా.

వాదిస్తే ఎలీసమ్మ ఊరుకునేదేమో. ఆ అంగీకారం ఆమెను పొడిచింది. ఏ తప్పుకు మార్కులు పోయాయో అడగకుండా పేపరు మడిచి పట్టుకుని వెళ్ళే పిల్లలుంటారు. ఆమెకు జీవితమంతా జాలి కలిగింది ఆ పిల్లల మీదే.

"ఫోను ఇలా ఇవ్వు," అంది.

"నీకెందుకే అది?"

"ముప్ఫై నాలుగేళ్ళు పేపర్లు దిద్దేనండి. చదవకుండా ఎవరికీ సున్నా వెయ్యలేదు. నాలుగింటిదాకా గడువుంది కదా."

కళ్ళజోడు, పెన్సిలు, ఒక తెల్ల కాగితం తీసుకుని పడకగదిలో కూర్చుంది. తప్పులు రాసుకోవడానికి కాగితం. దొరుకుతాయన్న నమ్మకంతోనే మొదలుపెట్టింది.

మొదటి ఏడాది రాతల్లో దొరికాయి. రెండో ఏటికి తగ్గాయి. తర్వాత పెన్సిలు పక్కన పడింది. కొత్త భాగం ఆగిపోయిందని లోకమంతా గోలెత్తిన రోజున లిడియా రాసింది: 'ఇది వదంతి. ఆధారం దొరికేదాకా ఇది వార్త కాదు.' ఒకచోట తేదీ తప్పు వేసి, మర్నాడు దాన్ని చెరపకుండా, కిందనే 'తప్పు నాది, సరైన తేదీ ఇది' అని రాసింది. ఇసామి తనను వదిలి వెళ్ళిన తండ్రిని క్షమించాలా వద్దా అన్న చర్చలో ఆరువందల మంది మాట్లాడారు. తిట్టిన ఇద్దరిని లిడియా మర్యాదగా బయటకు పంపింది. సఖినేటిపల్లి రేవులో పడవ నడిపే ఒకాయన రాశాడు: 'రేవుకి తెచ్చేటప్పుడు పడవ ముక్కు ఎగువకే తిప్పాలండి. మీ ఇసామి దిగువకి తిప్పేడు. నీరు లాక్కుపోద్ది.' ఆ మాటను లిడియా ఇంగ్లీషులో రాసి, కథ తీసే జపాను వారికి పంపింది. మండపేట మిల్లులో లారీలకెత్తే కుర్రాడొకడు, 'బడి మానేసేక నేను చదివిన తెలుగు ఇదొక్కటే అక్కా' అన్నాడు.

చివరగా నిన్నటి సంతాప వ్యాసం చదివింది. రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అద్దాల్లో మచ్చేమీ లేదు.

నాలుగింటికి వసారా నిండిపోయింది. సాలమోను కీర్తనల పుస్తకంతో వచ్చాడు. చావింట్లో పొయ్యి వెలగదని అతని భార్య అన్నం, పప్పుచారు క్యారియరులో తెచ్చింది. పక్కింటి భవానీదేవి గారు కూడా వచ్చి కూర్చున్నారు. యేసురత్నం గారు గొంతు సవరించుకున్నారు.

"అయ్యా, చిన్న పొరపాటు జరిగింది..."

"పొరపాటేమీ జరగలేదండి. మీరు కూర్చోండి," అంది ఎలీసమ్మ.

నలుగురిలో భర్త మాటకు ఆమె అడ్డు రావడం ఎవరూ ఎరుగరు. ఆయన కూర్చున్నారు, ఆశ్చర్యం వల్ల.

"ఈ ఇంట్లో దుఃఖం ఉంది. మా అమ్మాయి నిన్నటి నుంచీ అన్నం తినలేదు. పోయినావిడ పేరు హినత్సు సుమియే. వయసు ఎనభై మూడు. జపాను దేశస్థురాలు. బొమ్మల కథలో ఒక కుర్రవాడి పాత్రకు ఇరవై ఆరేళ్ళు గొంతిచ్చింది."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. సాలమోను పుస్తకం మూసేశాడు.

"అదేంటండి అక్కగారూ! కార్టూనుకి డబ్బింగు చెప్పే ఆవిడకా మేం ఇంత ఎండలో వచ్చేం?"

"సాలమోను గారూ, ఒక్క సంగతి. గట్టు మీద ట్రాన్సిస్టరు పెట్టుకుని రోజూ వ్యవసాయ కార్యక్రమం వినేవారు మీరు. అందులో మాట్లాడే పెద్దాయన పోయిన రోజున రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఆయన మీకు ఏమవుతారు?"

"రెండు కాదండి మేడమ్ గారూ, మూడు పూటలు," అంది అతని భార్య. "నన్నూ తిననివ్వలేదు."

"ఆయ్... నిజమేనండి," అన్నాడు సాలమోను, పుస్తకం మళ్ళీ తెరుస్తూ. ఈసారి నవ్వు అతని మీదికి మళ్ళింది.

ఎలీసమ్మ ఫోను తీసి, తరగతిలో చదివినట్టు చదివింది.

"'పన్నెండేళ్ళ పిల్లవాడి గొంతు కోసం ముప్ఫై మంది అమ్మాయిల గొంతులు విని, చివరికి యాభై ఏడేళ్ళ నాయనమ్మను ఎన్నుకున్నారు. ఆవిడ ఎప్పుడూ నిలబడే పలికారు. పడవ నడిపేవాడు కూర్చుని మాట్లాడడు అనేవారు. కిందటేడు మోకాళ్ళు సహకరించక కుర్చీ వేయించుకున్నారు. ఆ వారం భాగంలో ఇసామి మొదటిసారి పడవ దిగి, ఒడ్డున కూర్చుని మాట్లాడతాడు. ఆవిడ ఒంటరిగా కూర్చోకూడదని కథే ఆవిడ పక్కన కూర్చుంది.'"

భవానీదేవి గారు కొంగు కళ్ళకు అద్దుకున్నారు.

ఎలీసమ్మ భర్త వైపు తిరిగింది. "తాతగారు తెచ్చిన చదువు ఇందుకా అని అడిగేరు. ఇందుకేనండి. ఇవాళ నేను నూట నలభై రాతలు చదివేను. తెలియనిది తెలుసునని ఒక్కచోటా రాయలేదు. తప్పు దొర్లిన ప్రతిచోటా తనే ఒప్పుకుంది. మనం రోజూ కొనే పత్రికలో ఆ నిజాయితీ నాకు కనపడలేదు. మన పిల్ల రాత నలభైవేల మంది చదువుతున్నారు. చదవనిది మనిద్దరమే. అందులో నా తప్పు పెద్దది. నేను తెలుగు పంతులమ్మని."

లిడియా గుమ్మం దగ్గరే నిలబడి రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

యేసురత్నం గారు చెయ్యి చాచి ఫోను అందుకున్నారు. పెదవులు కదుపుతూ, పైకి వినపడకుండా, మొత్తం చదివారు.

"లిడియా."

"అండీ."

"పేజీ తియ్యొద్దు. ఇవాళ ఇక్కడ జరిగింది కూడా అందులో రాయి. నేనన్నదీ రాయి, దాచకు." ఆయన లేచి నిలబడ్డారు. "ఆవిడ పేరు మళ్ళీ ఒకసారి చెప్పమ్మా. ప్రార్థన చెయ్యాలి."

"హినత్సు సుమియే."

అందరూ తలలు వంచారు. కార్యదర్శి గొంతు వసారా నిండా పలికింది.

"పరలోకమందున్న మా తండ్రీ, దూరదేశంలో తన పని ముగించిన నీ కుమార్తె హినచ్చు సుమయ్య..."

"హినత్సు," అంది లిడియా, ఏడుపు మధ్య. "సుమియే అండి."

"క్షమించు ప్రభువా," అన్నారు యేసురత్నం గారు, కళ్ళు తెరవకుండానే. "హినత్సు సుమియే గారిని నీ సన్నిధిలో చేర్చుకొనుము. ఆవిడ కోసం దుఃఖిస్తున్న నా కూతురిని ఆదరించుము."

ప్రార్థనలో ఏనాడూ కళ్ళు తెరవని ఎలీసమ్మ ఆ రోజు తెరిచే ఉంచింది. కూతురు వచ్చి తండ్రి పక్కన నిలబడింది. ఆయన కళ్ళు మూసుకునే, వెతుక్కుంటూ, ఆమె తల మీద చెయ్యి వేశారు.