ఇంజన్ అందుకోని పొద్దు

సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు. మారేడ్‌పల్లిలో తన ఇంటి ముందు హరికిషన్ మళ్లీ కారు తాళం తిప్పాడు. వెనక సీట్లో పదో తరగతి చదివే కూతురు వసుధ పరీక్ష అట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నిజం చెప్పాలంటే, బండి కదలనందుకు అతనికి లోపల హాయిగానే ఉంది.

పోయిన ఆదివారం తల్లి విమలమ్మను గుడి నుంచి తీసుకొస్తుంటే, క్లాక్ టవర్ దగ్గర అతని కళ్ల ముందు రోడ్డు మాయమైంది. తెలివొచ్చేసరికి బండి డివైడర్‌కు ఆనుకుని ఉంది. కునుకు పట్టిందన్నాడు. భార్య ఊర్మిళకు చెప్పొద్దని తల్లి చెయ్యి తన తలమీద పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నాడు. అప్పటినుంచి స్టీరింగ్ పట్టుకుంటే అరచేతులకు చెమటలు. డాక్టర్ దగ్గరికి పోతే ఏం బయటపడుతుందోనని అదింకో భయం.

“బ్యాటరీ పోయిందా?” ఊర్మిళ గేటు దగ్గర్నుంచి అడిగింది.

“బ్యాటరీ పోతే సెల్ఫ్ గింత జోరుగ తిరగదు. పెట్రోల్ సుత సగం ట్యాంకుంది. జెర సప్పుడు చెయ్యకుండ్రి.”

తాళం సగమే తిప్పి చెవి ఒగ్గాడు. వసుధ సీటు కింద పెట్రోల్ పంపు గుర్రుమనాలి. అనలేదు. బానెట్ ఎత్తి ఫ్యూజుల డబ్బా మూత తీశాడు. పంపు ఫ్యూజు ఉండాల్సిన చోటు ఖాళీ.

ఎవరి పనో తెలిసిపోయింది. నాన్న బతికుండగా రెజిమెంటల్ బజార్‌లో షెడ్డు నడిపేవాడు. మూసేటప్పుడు, రిపేరుకొచ్చిన బండ్లను ఎవరూ ఎత్తుకుపోకుండా ఆ ఫ్యూజులు పీకి, ఇంటికొచ్చి అమ్మ చేతిలో పోసేవాడు.

మెట్లమీద విమలమ్మ పిడికిలి బిగించి నిలబడి ఉంది. వేళ్ల సందుల్లోంచి ఫ్యూజు కనబడడం ఊర్మిళ కూడా చూసింది.

“అత్తమ్మా, మీరు పీకిన్రా? పిల్లకు పరీక్ష ఉందని తెలిసి సుత? మాట్లాడుండ్రి!”

విమలమ్మ ఒట్టు దాటలేక కొడుకు వైపు చూసింది. అతను ఊరుకుంటే నింద ఆమె మీదే పడి, గుట్టు గుట్టుగానే ఉండిపోతుంది. ఆ ఆలోచన కూడా చేశాడు, పాపిష్టివాడు.

“అమ్మను అనకు,” అన్నాడు చివరికి. “బండి నడుపుతుంటే నాకు తెలివి తప్పింది. నీకు చెప్తే నా మీద ఒట్టే అని అమ్మతోని అన్న.”

ఊర్మిళ ముందు కూతుర్ని చూసింది, తర్వాత అతన్ని. “మరి దీన్నెట్ల ఎక్కించుకున్నవ్?”

“భయమైంది ఊర్మిళా.”

విమలమ్మ మెట్లు దిగింది. “ఇప్పుడు నేను మాట్లాడొచ్చా బిడ్డా?”

అతను తలూపాడు.

“అది కునుకు కాదురా. నీ కండ్లు తెరిచే ఉన్నయి. కిషన్, కిషన్ అని పట్టి ఊపిన. నువ్వు పలకలే. పోయినవనుకున్న.” ఇన్నాళ్లూ బిగబట్టిన ఏడుపు ఒక్కసారిగా బయటికొచ్చింది.

“మాఫ్ చెయ్యుండ్రి అత్తమ్మా,” అంటూ ఊర్మిళ ఆమెను కావలించుకుని తానూ ఏడ్చింది.

పక్కింటి ప్రిసిల్లా వసుధను స్కూటీ మీద పరీక్షకు తీసుకెళ్లింది. ఆసుపత్రికి పోవడానికి ఆటో వచ్చింది. అత్తాకోడళ్లు హరికిషన్‌ను మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. దారిపొడుగునా విమలమ్మ ఉండుండి “కిషన్” అని పిలుస్తూనే ఉంది. పిలిచినప్పుడల్లా అతను “ఆఁ అమ్మా” అని పలుకుతూనే ఉన్నాడు.