షట్టరు సందులో పెళ్లికూతురు

లింగసుగూరు బస్టాండు వెనక వీధిలో మహదేవప్ప ఫోటో స్టూడియో ఉంది. దసరా అయినప్పటి నుంచి, చీకటి పడ్డాక దాని ముందు నుంచి పోవాలంటే పహిల్వాన్లు కూడా మొబైల్లో భజన పెట్టుకునేవారు. మూసిన షట్టరు సందులో నీలం వెలుగు... ఆ వెలుగులో తలవంచుకుని ఏడ్చే పెళ్లికూతురు!

నేను చూడలేదు. ఎదురుగా టీ కాచే అంబరీశ్ చెప్పాడు. చక్కెర విషయంలో తప్ప అతను అబద్ధమాడడు.

ఆ స్టూడియో వెనక గదిలో పెళ్లి వీడియోలు కూర్చే అమరేశ్‌ది ఇంకో బాధ. అతను పెరటి తలుపు నుంచే వచ్చి పోతాడు. అతనికున్నది ఒకటే కంప్యూటర్, కానీ దాని కడుపులో ఇంకోటి ఉంటుంది. బయటిది లినక్స్, లోపలిది విండోస్. లోపలిది లేవగానే బయటిది తన గ్రాఫిక్స్ కార్డును దానికి ఇచ్చేసి తప్పుకుంటుంది. తెర క్షణం నల్లబడి, లోపలిది కనబడాలి.

దసరా నుంచి నల్లబడడమే ఉంది, కనబడడం లేదు. సెట్టింగుల్లో అతను మార్చని అక్షరం లేదు. వైర్ల జోలికి మాత్రం పోలేదు. ఆయుధపూజనాడు మహదేవప్ప వాటన్నిటినీ ఊడదీసి, తుడిచి, మళ్లీ గుచ్చి, పసుపుదారం చుట్టి — "అమావాస్య దాంక ముట్టకు" అన్నాడు.

అమావాస్య ఇంకా రాకముందే, ఒక సాయంత్రం హనుమమ్మ వచ్చింది. మోకాళ్లు పట్టేసి మనవరాలి పెళ్లికి పోలేకపోయిన అవ్వ.

"పొద్దుగాల కంటి ఆపరేషన్ ఉంది బిడ్డా. మల్ల కండ్లు కానొస్తయో లేదో... మా సుమంగళ పెండ్లి ఇయ్యాలనే చూపియ్యి."

అమరేశ్ ఆమెను అంబరీశ్ బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి పోయాడు. కంప్యూటర్ ఆన్ చేశాడు. తెర నల్లబడింది. అలాగే ఉండిపోయింది...

గోడ అవతల ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు.

ఆపాడు. ఏడుపూ ఆగింది. మళ్లీ ఆన్ చేశాడు — మళ్లీ అదే ఏడుపు! రోజూ ఇక్కడే పారిపోయేవాడు. ఇవాళ అవ్వ కోసం నాలుగుసార్లు ఓర్చుకున్నాడు. ఐదోసారి ఏడుపు మొదలవగానే చెప్పులు వదిలేసి, పెరటి నుంచి చుట్టు తిరిగి వీధిలోకి పరిగెత్తాడు.

వీధి ఖాళీ. అంబరీశ్ బెంచీ కింద ఉన్నాడు. హనుమమ్మ ఒక్కతే షట్టరు ముందు కూర్చుని, సందుకు కన్ను ఆనించి ఉంది.

"అవ్వా... ఇటు రా... లోపల ఎవరో ఏడుస్తున్రు..."

"ఎవరో ఏంది? మా సుమంగళనే. జర్ర జరుగు, అడ్డమొస్తున్నవ్."

అమరేశ్ వంగి చూశాడు. ముందు గదిలో, గిరాకీలకు నమూనాలు చూపించే పెద్ద టీవీ! పూజలో వైర్లు తారుమారై, లోపలిది లేచాక కార్డు బొమ్మ, మాట రెండూ దానికే పోతున్నాయి. లోపలిది లేవగానే, ఆపిన చోటి నుంచి వీడియో ఆడేలా తనే పెట్టుకున్నాడు. ఆపింది అప్పగింతల దగ్గర. ఇన్నాళ్లూ తను బాగుచేస్తున్నది బాగానే ఉంది! సిగ్గుతో చచ్చిపోయాడు.

షట్టరెత్తి, మొదటి నుంచి పెట్టాడు. అప్పగింతలు రాగానే అవ్వ టీవీలోని మనవరాలి చెంప నిమురుతూ తనూ బోరుమంది. అమరేశ్ వైరు ఊడదీయబోయాడు.

"ముట్టకు! ఇంగొకసారి."

ఆపరేషన్ అయింది, చూపొచ్చింది. అమరేశ్ తన తెర వైరు సరిగ్గా గుచ్చుకున్నాడు కానీ, టీవీది తీయడానికి చెయ్యి రాలేదు. అందుకే స్టూడియోకు చెడ్డపేరు పోలేదు, ఇంకా పెరిగింది. ఇప్పుడు చీకటి పడ్డాక అటు పోతే, నల్ల కళ్లద్దాల ముసలామె ఒకతె షట్టరు ముందు కూర్చుని ఉంటుందట. అడుగుల చప్పుడు వినగానే మెల్లగా తల తిప్పి, అడుగుతుందట —

"ఇయ్యాల ఎవరి పెండ్లి?"