పది లక్షల ఒకటి

మధ్యాహ్నం లెక్కల పీరియడ్. మేడం ఒక్కో బెంచీకి ఒక్కో పెద్ద సంఖ్య ఇచ్చారు. అది ప్రధాన సంఖ్యో, వేటితో భాగిస్తే పోతుందో కనిపెట్టి చార్టు మీద రాయాలి. ఆ చార్టులు సాయంత్రం వరండాలో తగిలిస్తారు, బడంతా చూస్తుంది.

మూడో బెంచీకి 10,00,001 వచ్చింది.

ఆ బెంచీలో ఇద్దరు అమ్మాయిలు, ప్రాణస్నేహితులు. ఒకరి పేరు రాకెట్. ఆ పేరు ఊరికే రాలేదు, నడక కూడా పరుగే. రెండో అమ్మాయి బుజ్జి. ఏదైనా రెండుసార్లు చూసుకుంటే గానీ నమ్మదు.

"ఇరవయ్యో ఎక్కం దాకా చూశా. దేంట్లోనూ పోవట్లేదు. ఇది ప్రధాన సంఖ్యే," అంది రాకెట్.

"ఆగవే, ఇంకా చూద్దాం."

"ఆ తర్వాత ఎక్కాలు మనకి రావుగా. ఇంకేం చూస్తావు?"

"మనకి రావని సంఖ్యకి తెలీదుగా," అంది బుజ్జి.

రాకెట్‌కి ఒళ్ళు మండింది. "నీతో పెట్టుకుంటే ఈ జన్మలో తేలదు," అని పైకే అనేసింది. వెనక బెంచీ వాళ్ళు పకపకా నవ్వారు. బుజ్జి ముఖం మాడిపోయింది.

రాకెట్ స్కెచ్ పెన్నుతో 'ప్రధాన సంఖ్య' అని పెద్దగా రాసేసింది. బుజ్జి మాత్రం తల వంచుకుని భాగిస్తూనే ఉంది. చాలాసేపటికి చేయి ఆపింది.

రాకెట్ ఓరకంట బుజ్జి నోటుబుక్కులోకి చూసింది. నూటొకటిని 9,901తో గుణిస్తే సరిగ్గా పది లక్షల ఒకటి. తనూ ఇంకోసారి గుణించింది. అంతే వచ్చింది.

"మరి చెప్పవేం?"

"చెప్తే మళ్ళీ అందరిచేతా నవ్విస్తావు. రేపట్నుంచి నేను వేరే బెంచీలో కూర్చుంటా. మేడంని అడుగుతా."

రాకెట్ స్కెచ్ పెన్ను కింద పెట్టేసింది. చార్టు తప్పైతే ఇంకోటి రాసుకోవచ్చు. బుజ్జి పక్కన లేకపోతే ఏం చెయ్యాలి? ఏడుపొచ్చినంత పనైంది.

మేడం చార్టులు తీసుకుంటున్నారు. రాకెట్ లేచి నిలబడింది.

"మేడం, మాది తప్పు. కాదు, నాది తప్పు. నాకొచ్చిన ఎక్కాలు అయిపోగానే ఆపేశాను. బుజ్జి ఆపలేదు. నేను వెక్కిరించినా ఆపలేదు. ఇది నూటొకటో ఎక్కంలో పోతుంది, 9,901 సార్లు."

వెనక బెంచీ ఈసారి రాకెట్‌ని చూసి నవ్వింది. చెవులు వేడెక్కాయి. అయినా కూర్చోలేదు.

మేడం కొత్త చార్టు ఇచ్చారు. "మరి ఈ 9,901 సంగతేంటి? అది ప్రధాన సంఖ్యేనా?"

రాకెట్ నోటిదాకా ఏదో వచ్చింది. మింగేసింది. "తెలీదు మేడం, ఇంకా చూడలేదు," అని బుజ్జి వైపు తిరిగింది. "చూద్దామా?"

బుజ్జి కాసేపటికి కాస్త జరిగి చోటిచ్చింది.

ఇంటి బెల్లు కొట్టారు. గది ఖాళీ అయింది. మేడం తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"చాల్లేమ్మా, మిగతాది రేపు చూసుకోండి."

బుజ్జి సంచీ సర్దబోయింది. రాకెట్ మాత్రం కదల్లేదు.

"ఒక్క నిమిషం మేడం," అంది. "మేమింకా నలభై మూడు దగ్గరే ఉన్నాం."